సంతకంపై చర్చ, సుంకంపై మౌనం: ఆర్‌సెప్ గురించి పత్రికలు ఏం వాదించాయి?

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో, ఆసియా, పసిఫిక్ ప్రాంతంలోని 16 దేశాలు చర్చించిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యంలో (ఆర్‌సెప్) భారత్ చేరబోవడం లేదని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించారు. ఏ అడుగు వేసినా కడు పేదవాడికి మేలా కాదా అని చూసుకోవాలన్న గాంధీజీ గీటురాయి గానీ, తన అంతరాత్మ గానీ ఇందుకు అనుమతించడం లేదని ఆయన అన్న మాట మర్నాటి పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. ఏడేళ్ల చర్చల తర్వాత ఆఖరి మెట్టు మీద వెనుదిరగడం మామూలు విషయం కాదు కాబట్టి, ఆ తర్వాత చాలా రోజులు సంపాదకీయ పేజీలు దాని చుట్టూనే తిరిగాయి. రైతును, చిన్న పరిశ్రమను కాపాడిన నిర్ణయమని కొందరు రాస్తే, 1991 ఆర్థిక సంస్కరణలతో తెరిచిన తలుపులను మళ్లీ మూయడమేనని ఇంకొందరు రాశారు. ఆర్‌సెప్ అన్న పొట్టిపేరుతో స్థిరపడిన ఈ ఒప్పందం మీద వాదన తర్వాతా ఆగలేదు. పునరాలోచించుకోవడం మంచిదని 2024 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు సూచించింది. భారత్ ఇందులో ఉండి తీరాలని అదే ఏడాది నవంబరులో నీతి ఆయోగ్ సీఈఓ బి.వి.ఆర్. సుబ్రహ్మణ్యం బహిరంగంగానే అన్నారు. అలా అన్న ప్రతిసారీ పాత వ్యాసాలే కొత్త తేదీతో తిరిగి అచ్చవుతున్నట్లు అనిపిస్తుంది.

తప్పుకోవడమే మేలన్నవారి వరుసను చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. ఆరెస్సెస్ అనుబంధ స్వదేశీ జాగరణ్ మంచ్, వామపక్ష రైతు సంఘాలు, కాంగ్రెస్ పార్టీ, పాడి సహకార సంఘాలు, ఉక్కు పరిశ్రమ ప్రతినిధులు, ఇలా మామూలుగా ఒకే వేదిక ఎక్కనివారంతా ఒకే మాట మీద నిలిచారు. చర్చలకు శ్రీకారం చుట్టింది 2012 నవంబరులో, కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ హయాంలోనే అన్న సంగతిని కాంగ్రెస్ ఆ రోజుల్లో పెద్దగా తలచుకోలేదు. రెండో వైపున అరవింద్ పనగడియా వంటి ఆర్థికవేత్తలు ఉన్నారు. వాణిజ్య శాఖ తానే నియమించుకున్న, సుర్జీత్ భల్లా అధ్యక్షతన పనిచేసిన ఉన్నత స్థాయి సలహా బృందం కూడా చేరడం వైపే మొగ్గింది. తప్పుకున్న ఏడాదికి, 2020లో, ఆర్థికవేత్తలు అరవింద్ సుబ్రమణియన్, శౌమిత్రో చటర్జీ కలిసి రాసిన పరిశోధన పత్రం, దేశం ప్రపంచ వాణిజ్యం నుంచి ముఖం తిప్పి లోపలి వైపు తిరుగుతోందని హెచ్చరించింది. అదే ఏడాది నవంబరు 15న మిగిలిన 15 దేశాలు సంతకాలు చేస్తే, మర్నాడే హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ నిర్వహించిన డెక్కన్ డైలాగ్‌లో విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ మాట్లాడుతూ, గతంలో చేసుకున్న వాణిజ్య ఒప్పందాల వల్ల కొన్ని రంగాల్లో పరిశ్రమలు దెబ్బతిన్నాయని అన్నారు.

రెండు పక్షాల వ్యాసాలనూ ఇప్పుడు పక్కపక్కన పెట్టుకుని చదివితే, రెండింటిలోనూ ఒకటే కొరత కనిపిస్తుంది. సంతకం పెట్టాలా వద్దా అన్న ఒక్క ఘడియ మీదే దాదాపు సిరా అంతా ఖర్చయింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమంటే వేల వరుసల సుంకాల పట్టిక. ఏ వరుసలో సుంకం ఏ ఏడాది నుంచి ఎంత తగ్గుతుంది, ఏ సరుకును ఏ దేశపు సరుకుగా లెక్కిస్తారు, దిగుమతులు పోటెత్తితే ఏం చేయొచ్చు అన్న షరతులు ఆ పట్టికకు తగిలించి ఉంటాయి. లాభనష్టాలు తేలేది అక్కడే. సంపాదకీయం నిడివి ఆరేడు వందల మాటలకు మించదు గనుక ఆ వివరాల్లోకి దిగడం కష్టమే, ఒప్పుకోవాల్సిందే. కానీ వివరాలను పక్కన పెట్టేసరికి ‘దేశం తలుపు తెరవాలా, మూయాలా’ అన్న ప్రశ్న మాత్రమే మిగిలింది. దానికి జవాబు చెప్పడానికి ఒప్పందాన్ని చదవనక్కర్లేదు, ఎవరి రాజకీయ అభిరుచి వారికి ఉంటే చాలు.

ఒప్పందం సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌లోని పది దేశాలు, వాటితో అప్పటికే ఒప్పందాలున్న చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, భారత్ కలిసి ఒకే నిబంధనల కిందకు రావాలన్నది మొదటి ఆలోచన. భారత్ లేకపోయినా ప్రపంచ జనాభాలో, ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 30 శాతం ఇందులో ఉంది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ మూలసూత్రం ప్రకారం ఒక సభ్యదేశానికి ఇచ్చిన సుంకం రాయితీని అందరికీ ఇవ్వాలి. దానికి సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం (గ్యాట్) 24వ అధికరణ ఒక మినహాయింపు ఇచ్చింది. కొన్ని దేశాలు తమలో తాము దాదాపు మొత్తం వ్యాపారం మీద సుంకాలు ఎత్తేసుకుంటే, ఆ రాయితీలు బయటివారికి ఇవ్వనక్కర్లేదు. అందుకే ఈ ఒప్పందాలను స్వేచ్ఛా వాణిజ్యం అనడం కంటే పక్షపాత వాణిజ్యం అనడమే సరైనదని ఆర్థికవేత్తల్లో ఒక వర్గం ఎప్పటినుంచో అంటోంది. ఆర్థికవేత్త జాకబ్ వైనర్ 1950లోనే దీనిలోని మెలికను పట్టుకున్నాడు. ఒప్పందం వల్ల ఖరీదైన స్వదేశీ సరుకు స్థానంలో చౌకైన సరుకు వస్తే అది కొత్తగా పుట్టిన వ్యాపారం. బయటి దేశపు చౌక సరుకును కేవలం సుంకం తేడా వల్ల వదిలేసి, భాగస్వామి దేశపు ఖరీదైన సరుకు కొంటే అది దారి మళ్లిన వ్యాపారం. అంటే స్వేచ్ఛా వాణిజ్యాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవారు కూడా ఒక ప్రాంతీయ ఒప్పందాన్ని వ్యతిరేకించవచ్చు, అందులో తర్కదోషం లేదు. ‘చేరకపోతే సంస్కరణల వ్యతిరేకులు’ అని తేల్చేసిన వ్యాసాలు ఈ సంగతిని దాటవేశాయి.

వ్యతిరేకులు అందరికంటే ఎక్కువగా వాడిన ఆయుధం వాణిజ్య లోటు. 2018-19లో ఆర్‌సెప్ చర్చల్లోని 15 దేశాల్లో 11 దేశాలతో భారత్‌కు లోటు ఉంది. మొత్తం లోటు దాదాపు 10,500 కోట్ల డాలర్లు. అందులో సగం, అంటే 5,300 కోట్ల డాలర్లకు పైగా, ఒక్క చైనాతోనే. ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాక, ఆ దేశాలతో లోటు సుమారు 500 కోట్ల నుంచి 2,200 కోట్ల డాలర్లకు పెరిగిందన్న లెక్కను కూడా పదే పదే చూపారు. అంకెలు నిజమే, వాటి నుంచి తీసిన తీర్మానమే తొందరపాటు. చైనాతో మనకు, ఆసియా పసిఫిక్ వాణిజ్య ఒప్పందం కింద ఉన్న కొద్దిపాటి రాయితీలు తప్ప, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమే లేదు. ఒప్పందం లేని దేశంతోనే అతి పెద్ద లోటు ఉన్నప్పుడు, లోటుకు కారణం ఒప్పందాలే అనడం ఎలా కుదురుతుంది? ఆసియాన్ నుంచి వచ్చే దిగుమతుల్లో ఇండోనేషియా బొగ్గు, పామాయిల్ పెద్ద వాటాదార్లు. కృష్ణపట్నం వంటి రేవుల దగ్గర విదేశీ బొగ్గును కూడా వాడే విద్యుత్ కేంద్రాలు సుంకం కాస్త అటూ ఇటూ అయినా దాన్ని కొనడం మానవు.

మరోవైపు, ‘ఒప్పందం ఉంటే ఎగుమతులు వాటంతట అవే పెరుగుతాయి’ అన్న అనుకూలుర నమ్మకానికీ ఆధారం అంతే పలుచన. భారత ఎగుమతిదారులు ఉన్న ఒప్పందాల కింద దొరికే రాయితీలను వాడుకున్నది చాలా తక్కువని, వినియోగం 25 శాతం లోపేనని అంచనాలు చెబుతూ వచ్చాయి. భాగస్వామి దేశంలో మామూలు సుంకమే రెండు మూడు శాతం ఉన్నప్పుడు, దాన్ని తప్పించుకోవడం కోసం సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే మూల ధ్రువపత్రం సంపాదించే శ్రమ చిన్న ఎగుమతిదారుకు గిట్టుబాటు కాదు. జపాన్‌లో చాలా సరుకుల పరిస్థితి ఇదే. సింగపూర్‌లోనైతే దాదాపు అన్నింటి మీదా మామూలు సుంకమే లేదు.

చర్చల్లో భారత్ పట్టుబట్టిన విషయాల్లో ఒకటి సంపాదకీయాల్లో దాదాపు కనిపించదు. అది సుంకం కోతకు ఆధార సంవత్సరం. కోతలను 2014 నాటి సుంకాల నుంచి లెక్కించాలని ఒప్పందం ముసాయిదా చెబితే, 2019 నాటి సుంకాల నుంచి లెక్కించాలని భారత్ కోరింది. చదవడానికి ఇది గుమాస్తాల తగాదాలా ఉంటుంది. మొబైల్ ఫోన్‌ను ఉదాహరణగా తీసుకుంటే దీని బరువు తెలుస్తుంది. 2014లో ఫోన్ల మీద ప్రాథమిక దిగుమతి సుంకం లేదు. 2017 జులైలో 10 శాతం వేశారు, డిసెంబరులో 15 శాతం చేశారు, 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో 20 శాతానికి తీసుకెళ్లారు. దేశంలో ఫోన్ల బిగింపు పరిశ్రమను నిలబెట్టే ప్రయత్నమంతా ఆ గోడ చాటునే జరిగింది. 2014 ఆధార సంవత్సరమైతే అలాంటి వరుసలో దశలవారీ తగ్గింపు అన్న మాటకే అర్థం ఉండదు, మొదటి రోజే సున్నా. ఆ గోడ కట్టడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ అయిదేళ్ల పాటు ఒక విధానం నడిపి, ఆ విధానమే లేనట్లు లెక్క మొదలుపెట్టే పత్రం మీద సంతకం చేయడానికి ఏ ప్రభుత్వమైనా తటపటాయిస్తుంది. ఈ ఒక్క వివరం తెలిస్తే, బ్యాంకాక్ నిర్ణయం కేవలం స్వదేశీ నినాదం వల్ల వచ్చిందనీ అనిపించదు, రైతు మీద ప్రేమ వల్లే వచ్చిందనీ అనిపించదు.

రెండో వివరం ఇంకా ముఖ్యమైనది. సరుకు ఎక్కడ పుట్టిందో తేల్చే మూల నిబంధనలు. పత్రికలు దీన్ని ‘చైనా సరుకు దొడ్డిదారిన వస్తుంది’ అన్న ఒక్క వాక్యంతో ముగించాయి. దొడ్డిదారి ఎలా ఉంటుందో తెలియాలంటే మిరియాల కథ చూడాలి. ప్రపంచంలో మిరియాలు అందరికంటే ఎక్కువగా పండించేది వియత్నాం. అక్కడి నుంచి నేరుగా భారత్‌కు తెస్తే, ఆసియాన్ ఒప్పందం రాయితీ పోను కూడా, 2017 ప్రాంతంలో సుంకం 50 శాతానికి పైనే. శ్రీలంక నుంచి తెస్తే 2000లో అమల్లోకి వచ్చిన ద్వైపాక్షిక ఒప్పందం కింద ఏటా 2,500 టన్నుల వరకు సుంకం సున్నా. ఆపైన దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 8 శాతం. శ్రీలంకలోనూ మిరియాలు పండుతాయి కాబట్టి బస్తా మీద ఆ దేశపు పేరు ఉండటంలో వింతేమీ లేదు. బస్తాలో ఉన్నది కొలంబో రేవులో ఓడ మారిన వియత్నాం గింజా, మాతలే కొండల్లో కోసిన గింజా అని కస్టమ్స్ అధికారి కంటితో చూసి చెప్పలేడు, ఆయన చేతిలో ఉండేది ఒక ధ్రువపత్రం మాత్రమే. దిగుమతులు పెరిగి ధరలు పడిపోయాయని కేరళలోని ఇడుక్కి, కర్ణాటకలోని కొడగు రైతులు గగ్గోలు పెట్టాక, 2017 డిసెంబరులో కేంద్రం కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది. పాడేరు, అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించే గిరిజన రైతుకు కూడా ధర తేలేది ఆ బజారులోనే. వియత్నాంతో చేసుకున్న ఒప్పందం అతణ్ని దెబ్బతీయలేదు, ఎందుకంటే అందులో మిరియాలకు రక్షణ ఉంది. దెబ్బ తీసింది మరో దేశంతో చేసుకున్న మరో ఒప్పందంలోని సందు.

ఇది మొదటిసారి కూడా కాదు. శ్రీలంక ఒప్పందం వచ్చిన కొత్తలో వనస్పతి విషయంలోనూ ఇదే జరిగింది. ముడి పామాయిల్ మీద భారత్‌లో సుంకం ఎక్కువ, శ్రీలంకలో తక్కువ. ఆ తేడాను ఆసరా చేసుకుని అక్కడ వనస్పతి కర్మాగారాలు వెలిశాయి. వాటిలో పెట్టుబడి చాలావరకు భారతీయులదే, సరుకు వచ్చింది కూడా భారత్‌కే. పరిమితులు పెట్టాక ఆ కర్మాగారాల పని అయిపోయింది. 2017లో బంగారం వంతు వచ్చింది. జులై 1న జీఎస్‌టీ రావడంతో పాత అదనపు సుంకం రద్దయింది. దక్షిణ కొరియా ఒప్పందం కింద బంగారు వస్తువుల మీద ప్రాథమిక సుంకం అప్పటికే సున్నా. బంగారు గనులకు పేరు లేని ఆ దేశం నుంచి కొద్ది వారాల్లోనే బంగారం వరదలా వచ్చింది. ఆగస్టు 25న ప్రభుత్వం ఆంక్షలు విధించేదాకా అది ఆగలేదు. ఇక్కడ కొరియా మోసం చేసిందనడానికీ లేదు. మన పన్నుల చట్టం మారినప్పుడు మన ఒప్పందాల పట్టిక మీద దాని ప్రభావం ఏమిటని ఇక్కడ ఎవరూ సరిచూసుకోలేదు, అంతే.

ఆర్‌సెప్ మూల నిబంధన ప్రకారం చాలా సరుకులకు విలువలో 40 శాతం సభ్యదేశాల్లో సమకూరి ఉంటే చాలు, అదీ అన్ని సభ్యదేశాల విలువనూ కలిపి లెక్కించవచ్చు. చైనా బట్టను వియత్నాంలో కుట్టి జపాన్‌కు పంపితే, బట్ట విలువ కూడా లెక్కలోకి వస్తుంది. అనుకూలురు చెప్పే ‘సరఫరా గొలుసు’ ప్రయోజనం ఇదే, వ్యతిరేకులు భయపడిన దొడ్డిదారి కూడా ఇదే. ఒకే నిబంధనను ఒకరు అవకాశమని, ఒకరు ప్రమాదమని పిలిచారు. ఎవరి మాట నిజమవుతుందన్నది, రేవులో ధ్రువపత్రాన్ని నిలదీసే శక్తి మన కస్టమ్స్‌కు ఎంత ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ శక్తి 2019లో తక్కువే. తప్పుకున్న తర్వాత గానీ, అంటే 2020 సెప్టెంబరు 21 నుంచి గానీ, రాయితీ కోరే దిగుమతిదారు సరుకు మూలానికి సంబంధించిన సమాచారం తన దగ్గర ఉంచుకోవాలన్న నిబంధనలు అమల్లోకి రాలేదు. మిరియాలు, బంగారం నేర్పిన పాఠాలకు అది జవాబు. ఆలస్యమైన జవాబు.

పాల విషయం దగ్గర పత్రికలు కాస్త లోతుకే వెళ్లాయి. తెలుగు పత్రికల్లో కూడా ఈ కోణమే ఎక్కువగా చర్చకు వచ్చింది, అందుకు కారణం ఉంది. న్యూజిలాండ్‌లో ఒక్కో మందలో సగటున 400కు పైగా ఆవులుంటాయి. ఆ దేశం ఉత్పత్తి చేసే పాలలో దాదాపు 95 శాతం, పొడి, వెన్న, జున్ను రూపంలో ఎగుమతి అవుతాయి. ఇక్కడ దాదాపు ఎనిమిది కోట్ల గ్రామీణ కుటుంబాలకు పాడి ఆధారం. రెండు గేదెలున్న ఇల్లు కూడా వాటిలో ఒకటే. తెల్లవారుజామున పాల కేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడిన వరుసలో, గిన్నెడు పాలు తీసి యంత్రంలో పెట్టగానే వచ్చే చీటీ మీద రెండే అంకెలు ముఖ్యం. వెన్న శాతం, వెన్న కాని ఘన పదార్థాల శాతం. ఆ రెండు అంకెలకూ ధర కట్టేది బజారులో వెన్న, పాలపొడి పలికే రేటును బట్టి. విదేశీ పాలు ఓడలో రావు, రావలసిన అవసరమూ లేదు. వెన్న తీసిన పొడి, వెన్న నూనె వస్తే చాలు, నీళ్లు కలిపి మళ్లీ పాలు చేయవచ్చు. అందుకే వెన్న తీసిన పాలపొడి మీద, 10,000 టన్నుల కోటా దాటితే, 60 శాతం సుంకం ఉంది. ఆ సుంకం పోతే చీటీ మీది అంకెలకు ధర ఎవరు నిర్ణయిస్తారన్న ఆందోళనలో అతిశయోక్తి లేదు.

అయితే సంపాదకీయాలు ఒక విషయం మరిచాయి. 2017-18లో పాలపొడి నిల్వలు పేరుకుపోయి సేకరణ ధరలు కుప్పకూలాయి. 2018 జులైలో మహారాష్ట్ర రైతులు పాలు రోడ్డు మీద పారబోశారు. అప్పటికి న్యూజిలాండ్‌తో ఏ ఒప్పందమూ లేదు, సుంకం గోడ పదిలంగానే ఉంది. గోడ బయటి వరదను ఆపగలదు, లోపల పెరిగిన నీటిని ఆపలేదు. మరో సంగతి ఏమిటంటే, పాడిని మినహాయించి కూడా ఒప్పందాలు కుదురుతాయని తర్వాతి చరిత్ర చూపింది. 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాతో, 2025 జులైలో బ్రిటన్‌తో జరిగిన ఒప్పందాల్లో ప్రధాన పాల ఉత్పత్తులు లేవు. 2025 డిసెంబరులో చర్చలు ముగిసిన న్యూజిలాండ్ ఒప్పందంలోనూ లేవు. పాలే అడ్డంకి అయి ఉంటే, ఆ అడ్డంకి దాటలేనిదేమీ కాదన్నమాట.

పాలకు దొరికినంత శ్రద్ధ నూనెకు దొరకలేదు. ఆసియాన్ ఒప్పందం పామాయిల్ రైతును ముంచిందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఒప్పందం ఏం చెప్పిందో చూద్దాం. ముడి పామాయిల్ మీద సుంకాన్ని దశలవారీగా 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 45 శాతానికి 2019 ఆఖరుకల్లా దించాలి. అంతకంటే దించమని ఎవరూ అడగలేదు. అక్కడి నుంచి కిందికి దింపింది మన ప్రభుత్వమే. నూనె ధరలు మండిపోయిన 2021లో నోటిఫికేషన్ వెంట నోటిఫికేషన్ ఇచ్చి, అక్టోబరు నాటికి ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా చేసింది. వ్యవసాయ సెస్ మాత్రం మిగిలింది. అదే ఏడాది ఆగస్టులో, నూనెలలో స్వయంసమృద్ధి కోసమని 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ సాగు విస్తరణ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఒక చేత్తో మొక్క నాటిస్తూ రెండో చేత్తో సుంకం ఎత్తేయడం అంటే ఇదే. తర్వాత 2024 సెప్టెంబరులో సుంకాన్ని 20 శాతం చేశారు, 2025 మే ఆఖరున 10 శాతానికి తగ్గించారు. పామాయిల్ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు, పాతికేళ్లు నిలుస్తుంది. ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో గెలలు కోసే రైతుకు టన్నుకు వచ్చే ధర, ముడి నూనె ధరకు ముడిపడి ఉంటుంది. ఒక అర్ధరాత్రి నోటిఫికేషన్‌తో ఆ ధర మారిపోతుంది. అంతర్జాతీయ ఒప్పందం కొన్నేళ్ల ముందే తగ్గింపు పట్టిక చేతికిస్తుంది, నోటిఫికేషన్ అదీ ఇవ్వదు. అయినా ఒప్పందం మీద సంపాదకీయాలు వరుస కడితే, సుంకం నోటిఫికేషన్ బిజినెస్ పేజీలో చిన్న వార్తగా సరిపెట్టుకుంటుంది, అది కూడా వంటనూనె ధర తగ్గుతుందన్న శీర్షికతో.

2019 నిర్ణయం సరైనదా అన్న ప్రశ్నకు తర్వాతి ఏళ్లు సూటి జవాబు ఇవ్వవు. చైనాతో వాణిజ్య లోటు 2024-25లో 9,900 కోట్ల డాలర్లు దాటింది. ఒప్పందంలో లేకపోవడం దాన్ని ఆపలేదని అనుకూలురు అంటారు. ఉండి ఉంటే ఇంకెంత పెరిగేదో అని వ్యతిరేకులు అంటారు. రెండూ చెల్లే వాదనలే, ఏదీ నిరూపించగలిగేది కాదు. దిగుమతుల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ విడిభాగాలు, యంత్రాలు, మందుల ముడి పదార్థాలు అని చూస్తే, సుంకం కంటే మన పరిశ్రమ అవసరమే అక్కడ పనిచేస్తోందని అర్థమవుతుంది. బేరీజు వేయడానికి ఇంకో గట్టి ఆధారం ఉంది. ఆసియాన్, కొరియా, జపాన్‌లతో 2010-11 నాటికే ఒప్పందాలున్నాయి. ఆస్ట్రేలియాతో 2022లో కుదిరింది, న్యూజిలాండ్‌తో చర్చలు పూర్తయ్యాయి. పదిహేను సభ్యదేశాల్లో మిగిలింది చైనా ఒక్కటే. కాబట్టి ‘ఆర్‌సెప్‌లో చేరాలా’ అని ఇప్పుడు అడిగితే, దాని అసలు అర్థం ‘చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కావాలా’ అని. ప్రశ్నను అలా అడిగితే, చేరాలని రాసే చాలామంది వ్యాసకర్తలు కలం కాసేపు పక్కన పెట్టాల్సి వస్తుందేమో. 2020 జూన్‌లో గల్వాన్ లోయ ఘర్షణ తర్వాత ఆ ప్రశ్న కేవలం ఆర్థికం కూడా కాదు.

పత్రికలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఏడేళ్ల చర్చల్లో ముసాయిదా ప్రజల ముందుకు అధికారికంగా రాలేదు. పూర్తి పాఠం బయటపడింది 2020లో సంతకాలయ్యాకే. అప్పటిదాకా లీకైన కొన్ని అధ్యాయాలు, పేరు చెప్పని అధికారుల మాటలే ఆధారం. చదవని పత్రం మీద ఎంత జాగ్రత్తగా రాసినా అది నినాదం వైపే జారుతుంది. మన రాజ్యాంగ ఏర్పాటు కూడా ఇందుకు దోహదం చేస్తుంది. విదేశీ ఒప్పందం చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు, అమలుకు చట్టం మార్చాల్సి వస్తేనే సభకు వెళ్లాలి. కాకతాళీయమే గానీ గమనించదగ్గది ఒకటుంది. ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో విదేశీ ఒప్పందాలు 14వ అంశం, రాష్ట్రాల జాబితాలో వ్యవసాయం కూడా 14వ అంశమే. ఆ రెండు పద్నాలుగులు ఎదురుపడినప్పుడు రాష్ట్రాన్ని అడిగే పద్ధతి ఏదీ లేదు. 2009లో ఆసియాన్ ఒప్పందాన్ని కేరళ ప్రభుత్వం బాహాటంగా వ్యతిరేకించినా సంతకం ఆగలేదు. మిరప, రొయ్య, పామాయిల్ వంటి సరుకులు లోకం నిండా అమ్ముకునే లేదా లోకం ధరలకు లోబడే తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఈ ఒప్పందాల పట్టికల మీద చర్చ జరగడం అరుదు. సభలో చర్చ లేనప్పుడు పత్రికలో వాదన బలహీనంగా ఉండటం సహజం, ఎందుకంటే వాదనకు కావలసిన కాగితాలను సభే బయటకు లాగుతుంది.

ఆర్‌సెప్ తలుపు భారత్‌కు ఇంకా తెరిచే ఉంది. అమలు మొదలైన 18 నెలల దాకా కొత్తవారు చేరడానికి వీల్లేదన్న నియమం నుంచి, మొదటి చర్చల్లో ఉన్న దేశంగా, భారత్‌కు మినహాయింపు ఇచ్చారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోవడంతో ఇతరులూ తలుపు తట్టారు. వారిలో శ్రీలంక ఒకటి. ఆ దేశం చేరితే వియత్నాం, ఇండోనేషియాల నుంచి అక్కడికి వెళ్లే సరుకు మీద సుంకాలు తగ్గుతాయి. భారత్‌తో దాని పాత ఒప్పందం మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు తూత్తుకుడిలోనో చెన్నైలోనో దిగే మిరియాల బస్తా మీద ఏ దేశపు పేరు రాసి ఉంటుందో, దాన్ని అడిగే అధికారి చేతిలో ఏ కాగితం ఉంటుందో చూడాలి. భారత్ బయట ఉన్నా, లోపలికి వెళ్లినా ఆ తనిఖీ తప్పదు.